బొట్టు పెట్టిన చెయ్యి

మా చిన్నమ్మ చిన్నప్పటి నుంచే బీడీలు చుట్టింది. మెదక్, రామాయంపేట, చేగుంట వైపు ఆడవాళ్లకు అది తరాల నాటి పని. చాట ఒళ్లో పెట్టుకుని, నానబెట్టిన తునికాకును రేకు కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కడితే ఒక్క బీడీ అవుతుంది. కూలి మాత్రం వెయ్యి బీడీల లెక్కన. బాగా లేవని ఏరి పక్కన పడేసినవాటికి పైసా రాదు.

2016 ఏప్రిల్ నుంచి బీడీ కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్నారు. చాలాచోట్ల కార్ఖానాలు కొన్నాళ్లు పని ఆపేశాయి. మరుసటి ఏడు జీఎస్టీ వచ్చి బీడీ మీద 28 శాతం పన్ను పడింది. నెలలో పని దొరికే రోజులు తగ్గుతూ వచ్చాయి. బీడీ మంచిదని నేననను. అది తాగేవాళ్ల ఊపిరితిత్తులనే కాదు, చుట్టేవాళ్ల ఊపిరితిత్తులనూ తింటుంది. కానీ ఆ పని పోయినప్పుడు దాని చోట ఇంకో పని చేతికి రాలేదు. సరిగ్గా అప్పుడే చిన్నాయన పోయాడు. చిన్నమ్మకు మిగిలింది ఇంటర్ చదివే కొడుకు, నెలనెలా వచ్చే ఆసరా పెన్షన్.

"పార్లర్ పని నేర్చుకుంట" అన్నది ఒకరోజు.

ఇంట్లో అందరూ అడ్డం పడ్డారు. ఈ వయసులో కొత్త పనేందని కొందరు, మొగుడు పోయినామెకు సోకుల పనేందని కొందరు. రెండో మాటే ఎక్కువమంది అన్నారు.

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఈ పని ఉచితంగా నేర్పుతారు. తిండి, వసతి కూడా వాళ్లే చూసుకుంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వీరేంద్ర హెగ్గడే, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన పద్ధతే తర్వాత దేశమంతటికీ పాకింది. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించిన మంచి పథకం అది. అయితే చేరాలంటే వయసు 18 నుంచి 45 లోపు ఉండాలన్నది అప్పటి నిబంధన. చిన్నమ్మకు అప్పటికే 47 నిండాయి. పాత పని పోవడం, ఇంటి పెద్ద పోవడం, పిల్లల చదువు ఖర్చు పెరగడం, ఇవన్నీ మన ఆడవాళ్లకు ఆ వయసు దాటాకే ఒక్కసారిగా మీద పడతాయి. కొత్త పని నేర్చుకోవాల్సిన అసలు అవసరం కూడా అప్పుడే వస్తుంది.

అందుకే మెదక్‌లో రాందాస్ చౌరస్తా దగ్గర ఒక పార్లర్‌కు పోయి అడిగింది. "పొద్దుగాల ఊడుస్త, తుడుస్త, బట్టలు పిండుత. పని నేర్పు మేడం." ఆ మేడం చిన్నమ్మ కంటే పదిహేనేళ్లు చిన్నది. సరేనంది.

ముందు తంబాకు వాసన పోవాలి. ఎవరి ముఖం దగ్గరికి చెయ్యి తీసుకుపోయినా, "ఏందమ్మా ఈ వాసన" అని ముఖం తిప్పుకునేవాళ్లు. గోళ్ల అంచుల్లో పసుపు మరకలు. రోజూ నిమ్మచెక్కతో రుద్దుకునేది. మరకలు పోవడానికి నెలలు పట్టింది.

దారం పని మాత్రం ఆమెకు ముందే వచ్చు. ఐబ్రోస్ చేయాలంటే దారం ఒక కొస పళ్లతో బిగించి, మధ్యలో మెలికలు వేసి, రెండో చేతి వేళ్లతో తెరుస్తూ మూస్తూ పోవాలి. మెలిక వెంట్రుక మొదట్లో పడాలి, లాగితే తెగకుండా ఊడి రావాలి. ఎక్కువ లాగితే తోలు లేస్తుంది, తక్కువైతే వెంట్రుక మధ్యకు తెగుతుంది. కొత్తవాళ్లు తమ పిక్కల మీది వెంట్రుకలు తీసుకుంటూ నేర్చుకుంటారు. చిన్నమ్మ కూడా అట్లాగే కూచుంది. అయితే ముప్పై ఏళ్లకు పైగా బీడీకి దారం బిగించిన వేళ్లకు ఎంత లాగాలో ఒకరు చెప్పనక్కరలేకపోయింది. కొద్ది రోజుల్లోనే కాలేజీ పిల్లలు "ఆంటీ చేస్తేనే కూచుంట" అనడం మొదలుపెట్టారు.

తర్వాత వ్యాక్సింగ్, బ్లీచ్, ఫేషియల్, జుట్టుకు రంగు వేయడం ఒక్కొక్కటే వచ్చాయి. జుట్టు రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. ముఖం వాచిపోతుంది. అందుకే 48 గంటల ముందు చెవి వెనక చుక్క రాసి చూడాలి. ఎంత తొందరలో వచ్చినవాళ్లనైనా చిన్నమ్మ ఆ చుక్క రాయకుండా కూచోబెట్టేది కాదు. ఏటా క్రిస్మస్ వారమంతా పార్లర్ కిటకిటలాడేది. ఆ రద్దీలో కూడా చుక్క రాసిందాకా రంగు డబ్బా మూత తీసేది కాదు.

2023 వైశాఖంలో మా మామ బిడ్డ పెండ్లి వచ్చింది. మామ చిన్నమ్మకు సొంత తమ్ముడు. అంటే పెండ్లిపిల్లకు చిన్నమ్మ మేనత్త. మేనత్త లేకుండా మన పెండ్లిలో ఏ తంతూ మొదలుకాదు.

కొట్నం రోజు పసుపు దంచడానికి రోలుకు దారం కట్టి, పసుపు కొమ్ములు వేశారు. ముత్తైదువలు చుట్టూ చేరారు. చిన్నమ్మ కూడా లేచి రెండడుగులు వేసింది. మామ భార్య, అత్తమ్మ, గబగబా ఎదురొచ్చింది.

"వదినె, ఆ కూరగాయలు జర తరుగుతవా? ఆడ ఎవ్వలు లేరు."

అత్తమ్మ గొంతులో కోపం లేదు, మర్యాదగానే అన్నది. చిన్నమ్మ చాలాసేపు కత్తిపీట ముందే కూచుంది. ఎవరూ మాట్లాడలేదు.

రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఈ పెండ్లికి సరిగ్గా ఏడాది ముందు, 2022 మేలో, మహారాష్ట్రలోని హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ భర్త పోయిన స్త్రీ బొట్టు చెరిపే, గాజులు పగలగొట్టే ఆచారాలను మానేయాలని తీర్మానం చేసింది. ఆ పెండ్లీ, ఈ తీర్మానమూ మా ఇంటి రోలు దాకా రాలేదు.

పెండ్లి రోజు పిల్లను తయారు చేయడానికి అత్తమ్మ ఆ పార్లర్ మేడాన్నే పన్నెండు వేలకు మాట్లాడింది. తెల్లవారుజామున మేడం ఫోన్ చేసింది. అదే ముహూర్తానికి ఇంకో పెండ్లి ఒప్పుకున్నదట. "మీ ఇంట్లనే ఆంటీ ఉన్నది గదమ్మా. నాకంటె నీట్‌గ చేస్తది. సామాన్లు పంపిస్తున్న."

అత్తమ్మ ముఖంలో రంగులు మారాయి. ఒకపక్క ఫోటోవాళ్లు లైట్లు పెట్టి నిలబడ్డారు. మగపెండ్లివారు ఊరి పొలిమేర దాటారని కబురొచ్చింది. "సరే, జల్ది కానియ్యి వదినె" అన్నది.

చిన్నమ్మ చేతులు కడుక్కుని వచ్చి పెట్టె తెరిచింది. క్రీము దవడ పక్కన రాసి చూసి, పిల్ల ఛాయకు కలిసినదే వాడింది. కనుబొమ్మలు దిద్ది, కాటుక పెట్టి, జడ అల్లి, పూలు కుట్టి, పాపిట బిళ్ల సర్దింది. మేనగోడలు కళ్లు మూసుకుని ఆమె చేతులకు ముఖం అప్పగించి కూచుంది. చివరికి కుంకుమ భరిణె తీసింది. ఆమె చెయ్యి ఆగింది.

వెనక అద్దం పట్టుకుని నిలబడ్డ అత్తమ్మ తొందరపెట్టింది. "బొట్టు జర పెద్దగ పెట్టు వదినె. ఫోటోల్ల మంచిగ కనవడాలె."

చిన్నమ్మ పెట్టింది.

అప్పగింతలు అయిపోయాయి. సాయంత్రం మామ అరుగు మీద కూచుని వంటవాళ్లకు, టెంటువాళ్లకు, బాజావాళ్లకు లెక్క తీరుస్తున్నాడు. చిన్నమ్మ పార్లర్ బిల్లు పుస్తకం పట్టుకుని వచ్చింది. అత్తమ్మ నవ్వింది.

"అయ్యో వదినె, మేడం ఎట్లైతె రాలేదు, చేసింది నువ్వే గద. మనింటి పిల్లకు చేసి పైసలు తీసుకుంటవా? మేనత్తవు!"

చిన్నమ్మ బిల్లు చింపి, మడత పెట్టకుండా తమ్ముడి ముందు పెట్టింది.

"మేనత్తనైతె నేనే ఎదురు పెట్టేదాన్ని బిడ్డా. మేనత్తను మొన్న కొట్నం కాడికెల్లి కూరగాయల కాడికి పంపిస్తిరి. పిల్లకు బొట్టు పెట్టింది పార్లరామె. ఆమె పైసలు ఆమెకియ్యిండ్రి."

మామ తల ఎత్తకుండా పన్నెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు.