పీరియడు సంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

నవీపేటలో ఒకానొక జూనియర్ కాలేజీ, లెక్కల గది తలుపు మీద సుద్దముక్కతో రాసిన పద్యమిది. కర్త పేరు లేదు. ఇంటరు మొదటి సంవత్సరానికి గణితం 1బి చెప్పే సారే అయి ఉండాలి. డెబ్బై ఐదు అనే అంకె మీద అంత బెంగ ఇంకెవరికి ఉంటుంది? మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. పాత జిల్లాల లెక్కలో ఆయనకు పొరుగు వాళ్లం. ఆ ఒట్టులో సగం మేమూ పాటిస్తాం.

మూలం

ఇంట పాఠ మరసి యిచటికి వచ్చి నీ
లెక్క నీవె చేసి లెస్స చూపు
గడప కాడ నైదు గణితపు ప్రశ్నలు
కడకు డెబ్బదైదు కదలకుండు

ప్రతిపదార్థం

ఇంట = టీవీ, తమ్ముడు, చుట్టాలు ఉండే చోట; పాఠము = సారు ముందే రికార్డు చేసి పంపిన, పది నిమిషాలు మించని వీడియోను; అరసి = నోట్‌బుక్కు ముందు పెట్టుకుని పరిశీలించి (రెండింతల వేగంతో ఉరికించి అని కాదు); ఇచటికి వచ్చి = క్లాసుకు హాజరై; నీ లెక్క = పక్కవాడిది కానిది; నీవె చేసి = స్పష్టం; లెస్స చూపు = ఒక్క మెట్టు కూడా మింగకుండా చూపించు; గడప కాడ = పీరియడు మొదటి ఏడు నిమిషాల్లో; ఐదు గణితపు ప్రశ్నలు = ఆ వీడియోలోంచే అడిగినవి; కడకు = పబ్లిక్ పరీక్షల్లో; డెబ్బదైదు = బోర్డు పేపరు; కదలకుండు = కదలదు.

తాత్పర్యం

చెప్పడం ఇంటికి పోయింది, చేయడం క్లాసుకు వచ్చింది, పరీక్ష మాత్రం ఉన్నచోటే ఉంది.

విశేషాలు

ఇలా క్లాసును తిరగేయడం కొత్త మతం కాదు. 2007లో అమెరికాలోని కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే కెమిస్ట్రీ పంతుళ్లిద్దరు, ఆటల పోటీలకు పోయి క్లాసులు తప్పే పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. మనకు ఇంకా దగ్గరి ఆచార్యపీఠం ఉంది. నవీపేటలో రైలెక్కి గోదావరి దాటితే బాసర. 2008లో అక్కడ ట్రిపుల్ ఐటీ పెట్టినప్పుడు పదో తరగతి దాటిన పల్లె పిల్లలకు ల్యాప్‌టాప్‌లిచ్చి, రికార్డు పాఠాలు చూపించి, పక్కన మెంటర్లను నిలబెట్టారు. ఆ ఆలోచన వెనుక ఉన్నది ట్యూరింగ్ అవార్డు గ్రహీత రాజ్ రెడ్డి. ఇక 2020 సెప్టెంబరు 1 నుంచి యాదగిరి చానల్లోనూ టీశాట్‌లోనూ నడిచిన కరోనా పాఠాలు ఈ పద్యంలో మొదటి రెండు మాటలనే పాటించాయి. "ఇచటికి వచ్చి" అన్నచోట తాళం వేసి ఉంది.

పూర్వపక్షం: "సార్, ఫోన్ మా బాపు తీస్కపోయిండు. డాటా ఒడిసింది. సగం క్లాసు చూడలేదు. మీరే మళ్లీ చెప్పరాదా?"

సిద్ధాంతం: చెప్పరాదు. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఒక్కరోజు జాలిపడి బోర్డు మీద మళ్లీ చెప్పామా, రేపటి నుంచి చూసిన సగం కూడా చూడడం మానేస్తుంది. వాళ్లేం తెలివితక్కువ వాళ్లు కాదు. అయితే చూడని వాడు, చూడలేని వాడు ఒకటి కాదు. రెండోవాడికి సాయంత్రం ఇంటికి పోయే ముందే కాలేజీలో వీడియో ఫోన్లోకి దింపి ఇవ్వాలి. ఫోనే లేకపోతే జిరాక్స్ కాగితం చేతిలో పెట్టాలి. మొదటివాడు వెనక బెంచీలో కూర్చుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అప్పుడే చూసి అవతలి వాళ్లతో కలవాలి.

గడప కాడి ఐదు ప్రశ్నలకు మార్కులు వేయకూడదని మా మతం. వేస్తే చూచిరాత పుడుతుంది. వాటి పని ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడం వరకే. నాలుగు వచ్చిన వాడు నేరుగా ఏడు మార్కుల లెక్కకు పోతాడు. రెండు దాటని వాడు సారు పక్కకు వస్తాడు.

వీడియోలో ఏది పెట్టాలి? అవధుల నిర్వచనం, అవకలనం సూత్రాల పట్టీ పెట్టవచ్చు. వాటిని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా నష్టం లేదు. చైన్ రూల్ మాత్రం క్లాసుకే ఉంచుకోవాలి. సైన్ లోపల ఎక్స్ స్క్వేర్ ఇస్తే కాస్ రాసి, బయటి రెండు ఎక్స్‌ను మరిచి, ధీమాగా కలం మూసే పిల్లవాడిని వీడియో పట్టుకోలేదు. వెనక నిలబడి చూసే కన్ను పడుతుంది.

గరిష్ఠ కనిష్ఠాలకైతే పూర్తి పీరియడ్లే ఇవ్వాలి. నవీపేట శనివారం మేకల సంతనే తీసుకోండి. ఒక పక్క గోడ ఉంది, చేతిలో వంద అడుగుల జాలీ ఉంది, మూడు వైపులా కట్టాలి. మేకలకు ఎక్కువ జాగా ఎలా వస్తుంది? చతురస్రమేనని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. అననివ్వాలి. అప్పుడు వచ్చేది పదకొండు వందల చిల్లర చదరపు అడుగులు. గోడను తాకే పక్కను ఎక్స్ అనుకుని, దాన్ని వంద మైనస్ రెండు ఎక్స్‌తో గుణించి, అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే ఎక్స్ 25, గోడకు ఎదురు వైపు 50, జాగా 1250. బొమ్మ గీయడం, దేన్ని ఎక్స్ అనాలో తేల్చుకోవడం, ఈ రెంటి దగ్గరే సగం మంది ఆగిపోతారు. ఆగిన చోట మనిషి ఉండాలనే కదా క్లాసును తిరగేసింది.

"కదలకుండు" అన్నది నిట్టూర్పు కాదు, లెక్క. ఏళ్లుగా నడుస్తున్న పేపరులో రెండు మార్కులవి పది. నాలుగు మార్కులవి ఏడింట ఐదు. ఏడు మార్కులవి ఏడింట ఐదు. పెద్ద ప్రశ్నల్లో చివరి మూడు మామూలుగా అవకలనం, స్పర్శరేఖలు, గరిష్ఠ కనిష్ఠాలు. రెండు వదిలేయవచ్చు కనుక గరిష్ఠ కనిష్ఠాలను పిల్లలు జూన్‌లోనే వదిలేస్తారు. కాబట్టి నెల పరీక్షలో ఆ వెసులుబాటు తీసేయాలి. ఆ పరీక్ష శనివారం పెట్టనే వద్దు. క్లాసులో కొందరు సంతలో మేకల తాడు పట్టుకుని ఉంటారు. సోమవారం పెట్టి, తప్పిన లెక్కను ఆ వారంలోనే తిరిగి చేయించి, రెండో మార్కునే ఉంచాలి.

పాఠాంతరం

నాలుగో పాదంలో "డెబ్బదైదు" కొట్టేసి ఎవరో పెన్సిల్‌తో "ముప్పదైదు" అని దిద్దారు. పాసు కావడానికి చాలిన ముప్పై ఐదు శాతమని కొందరి వ్యాఖ్య. ఐదు పెద్ద ప్రశ్నలకు వచ్చే ముప్పై ఐదు మార్కులని మా వ్యాఖ్య. గణాలూ యతీ చెడలేదు కనుక సారు దాన్ని చెరపలేదు.