ఆరూ ఏడూ... అర్థం అడక్కండి

డల్లాస్‌లో ఉన్న మనవడితో వీడియో కాల్ మాట్లాడుతున్నాను. వెనక నుంచి మా కోడలు 'డిన్నర్ సిక్స్‌కా, సెవెన్‌కా?' అంది. అంతే, వాడు 'సిక్స్ సెవె...న్!' అని కేక పెట్టి, రెండు అరచేతులూ తరాజు చిప్పల్లా పైకీ కిందికీ ఊపాడు. వాడి చెల్లెలు శ్రుతి కలిపింది.

'అంటే ఏమిట్రా?' అన్నాను.

'ఏమీ కాదు తాతా. అదే ఫన్!'

'ఆరేడుల నలభై రెండు' అని బెత్తం నీడలో వల్లించిన తరం మాది. అంకె అంటే మాకు అర్థం ఉండి తీరాలి. 'ఫోర్ ట్వంటీ' సంగతే చూడండి. 2024 జులై 1న ఐపీసీ పోయింది, మోసం కేసు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్‌కి మకాం మార్చింది. అయినా 'వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడు' అని ఎవరైనా తిడుతున్నారా? సెక్షన్ రద్దయినా తిట్టు రద్దు కాలేదు.

ఇక సిక్స్ సెవెన్ జాతకం. ఫిలడెల్ఫియా ర్యాపర్ స్క్రిల్లా తన 'డూట్ డూట్' పాటలో ఒకచోట ఆ మాట అన్నాడు. 6 అడుగుల 7 అంగుళాల బాస్కెట్‌బాల్ ఆటగాడు లమెలో బాల్ వీడియోలకు కుర్రకారు ఆ ముక్క అతికించారు. తర్వాత ఓ మ్యాచ్‌లో ఒక పిల్లాడు కెమెరాలోకి చూసి చేతులూపుతూ అరిచాడు. అక్కణ్నుంచి తట్టు సోకినట్టు బడి తర్వాత బడికి సోకింది. అది 67వ వీధి అని కొందరు, పోలీసు కోడ్ అని కొందరు భాష్యాలు రాశారు. పాడినవాణ్ని అడిగితే అర్థమేదీ పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదన్నాడు. మూలకర్తే చేతులెత్తేశాక వ్యాఖ్యాతలేం చేస్తారు!

అర్థం చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న డిక్షనరీ డాట్ కామ్ మాత్రం దాన్నే 2025 సంవత్సరపు పదంగా ఎంపిక చేసింది. అదే ఏడాది నవంబర్‌లో బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్ పీటర్‌బరోలో ఒక బడికి వెళ్లారు. పక్కన కూర్చున్న పాప పుస్తకంలో 'సిక్స్ సెవెన్' పేజీ చూపించింది. ప్రధానిగారు ఉత్సాహంగా చేతులూపారు, క్లాసంతా ఊగిపోయింది. ఆ మాటంటే ఇక్కడ పిల్లలకు చీవాట్లు పడతాయని హెడ్‌మిస్ట్రెస్ చెప్పాక, ప్రధానిగారు క్షమాపణ చెప్పుకున్నారు.

నిజానికి ప్రధాని చేసిన పనే ఈ మాటకు మందు. పెద్దాళ్ల నోట పడిన రోజున పిల్లలు దాన్ని చీదరించుకుని వదిలేస్తారు. బెత్తంతో చావని మాట తాతయ్య అనుకరణతో చస్తుంది. అందుకే మర్నాడు మనవడికి వీడియో కాల్ చేసి, నేనే ముందు చేతులూపాను. వాడి మొహం మాడిపోయింది. 'తాతా, ప్లీజ్!'

నా విజయగర్వం మాత్రం ఆ మధ్యాహ్నానికే దిగిపోయింది. ఇంటి స్థలం కాగితం కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. అర్థం లేని మాటలకు పిల్లల్ని తప్పుబట్టే ముందు మన సొంత నిఘంటువు తెరవాలని అక్కడే తెలిసింది. 'పరిశీలనలో ఉంది', 'పై నుంచి రావాలి', 'త్వరలో'... వీటికి మాత్రం అర్థమేమిటి? తమ మాటకు అర్థం లేదని పిల్లలు ముందే ఒప్పుకుంటారు. మనం దానికి ఫైల్ నంబర్ వేస్తాం.

'బాబూ, నా పని ఎప్పటికవుతుంది?' అని గుమాస్తాను అడిగాను.

అతను కళ్లజోడు తీశాడు. రెండు అరచేతులూ పైకెత్తి, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఊపుతూ అన్నాడు: 'ఆర్నెల్లో... ఏడాదో!'