పడమటి తెలుగులో ఒక సెమిస్టరు

ఇటాలియన్ భాషా సంస్కృతులు చదవడానికి గోదావరి డెల్టా నుంచి ఒక సెమిస్టరు పాటు ఇటలీ వెళ్ళే విద్యార్థికి ఉండవలసిన మొదటి అర్హత ధీమా. అది పుట్టుకతోనే వస్తుంది. తెలుగు ‘ప్రాచ్య ఇటాలియన్’ అని బళ్ళోనే విని ఉంటాడు కాబట్టి, ఇటాలియన్ పడమటి తెలుగు అవుతుందన్నది లెక్కల మాస్టారి సాయం లేకుండానే తేలిపోతుంది. ఆ మాట అన్నది 15వ శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్ళిన వెనిస్ వర్తకుడు నికోలో కాంటీ అని ప్రతీతి. ఆయన చెబుతుంటే ప్రయాణ వృత్తాంతమంతా లాటిన్‌లో రాసిపెట్టిన పోజ్జో బ్రాచ్చోలీని పుస్తకంలో ఆ వాక్యం ఏ పేజీలో ఉందని అడగడం మర్యాద కాదు. బిరుదు ఇచ్చినవాడి సంతకం సరిచూసే అలవాటు తెలుగునాట లేదు.

ధీమా కుదిరాక సెమిస్టరు ఎంచుకోవాలి. ఇటలీ విశ్వవిద్యాలయాల్లో మొదటిది సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో మొదలై, పరీక్షలతో కలిపి జనవరి, ఫిబ్రవరి దాకా లాగుతుంది. రెండోది ఫిబ్రవరి చివర మొదలై జూన్, జూలైలతో ముగుస్తుంది. ఇలాంటి మార్గదర్శినులు ఇక్కడ చలికోటు గురించి రాస్తాయి. డెల్టా విద్యార్థి చూసుకోవలసింది పంచాంగం. మొదటి సెమిస్టరు తీసుకుంటే సంక్రాంతి పోతుంది. కోడిపందేలు, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫోన్‌లో చూడాలి, అదీ పరీక్ష హాలు బయట నిలబడి. రెండోది తీసుకుంటే ఆవకాయ పెట్టే రోజులు పోతాయి. జాడీకి వాసెన కట్టే వేళ ఇంట్లో ఒక మనిషి తక్కువ. ఎటు తీసుకున్నా పోనిది పులస ఒక్కటే. గోదారికి ఎర్రనీరు దిగే జూలై, ఆగస్టు నెలల్లో ఇటలీ బళ్ళు మూసుకుని, ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండక్కి ఊళ్ళకి ఊళ్ళే సముద్రం ఒడ్డున ఉంటాయి. విద్యా సంవత్సరాన్ని అలా దిద్దినవాడికి పులస రుచి తెలిసే ఉంటుందని నమ్మడంలో నష్టం లేదు. పంచాంగం మూసేముందు ఇంకో సంగతి: రోములో క్రైస్తవుల జూబిలీ పాతికేళ్ళకోసారి, మొన్న 2025లో జరిగింది. రాజమండ్రిలో పుష్కరం పన్నెండేళ్ళకోసారి, 2015 తర్వాతది 2027లో. ఆ రోజుల్లో గది అద్దెలు ఎలా పెరుగుతాయన్నది మాత్రం రెండు ఊళ్ళూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నట్టుంటుంది.

బడ్జెట్టు యూరోల్లో వేయకూడదు. యూరో అనేది చిన్న అంకె. ఎనిమిది వందలంటే ఎనిమిది వందలేగా అనిపించి మనిషిని మోసం చేస్తుంది. రూపాయల్లో వేస్తే రాత్రి నిద్ర పట్టదు. డెల్టాకి తగిన కొలమానం 75 కిలోల ధాన్యం బస్తా. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే బస్తా సుమారు 1,777. యూరోని వంద రూపాయలుగా పట్టుకుంటే బస్తాకి 18 యూరోలు కూడా రావు. పెరూజా లాంటి ఓ మోస్తరు ఊళ్ళో పొదుపుగా బతికితే నెలకి ఏడెనిమిది వందల యూరోలు అవుతాయి. మధ్యస్థంగా నలభై రెండు బస్తాలు అనుకోవచ్చు. ఐదు నెలలకి రెండు వందల పది. దాళ్వాలో ఎకరాకి నలభై బస్తాలు పండే చేలో ఇది ఐదెకరాల పైచిలుకు పంట. దమ్ము, నాట్లు, ఎరువు, కోత ఖర్చులు తీయకుండా వేసిన లెక్క ఇది. కౌలు రైతు ఇంటి విద్యార్థి కౌలు కూడా తీసి లెక్క వేయబోతే ఈ పద్ధతి పనికిరాదు. అతను యూరోల్లోనే వేసుకోవడం ఆరోగ్యానికి మంచిది. మిలాన్‌కి వెళ్ళేవాళ్ళు కూడా అంతే. అక్కడ ఒక్క గది అద్దే పెరూజా నెల ఖర్చంత ఉండవచ్చు.

బస్తా లెక్కలో ఉన్న సుగుణం, అది సంస్కృతిని కూడా బోధిస్తుంది. బారులో నిలబడి తాగే ఎస్ప్రెస్సో 1.30 యూరోలు, అంటే ఐదున్నర కిలోల వడ్లు. అదే కాఫీ కుర్చీలో కూర్చుని తాగితే చాలాచోట్ల ధర పెరుగుతుంది. కుర్చీకి విడిగా కుంచెడు గింజలు కొలవాలి. హోటల్లో ‘కొపెర్తో’ అని బిల్లులో ఇంకో పద్దు కనిపిస్తుంది. బల్ల మీద గుడ్డ పరిచి, పక్కన నాలుగు రొట్టెముక్కలు పెట్టినందుకు తలకి రెండు యూరోలో ఎంతో. ఎనిమిది కిలోల పైన వడ్లు, అది కూడా తినకముందే. “ముందు కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం” అని బలవంతాన విస్తరి వేసే జిల్లా నుంచి వెళ్ళినవాళ్ళకి ఈ పద్దు అర్థం కావడానికి సగం సెమిస్టరు పడుతుంది. మిగతా సగంలో దాన్ని తప్పించుకుని నిలబడి తినడం అలవాటవుతుంది. దాన్నే సాంస్కృతిక అనుసరణ అంటారు.

డబ్బు ఉండటం వేరు, ఉన్నట్టు చూపించడం వేరు. వీసాకి కావలసింది రెండోది. ఏడాదికి ఇంతని వాళ్ళు కట్టిన లెక్కన, ఉండే నెలలకి సరిపడా సొమ్ము బ్యాంకులో కనిపించాలి. ఇందుకు డెల్టాలో అనాదిగా ఉన్న పద్ధతి ఏమిటంటే, మేనమామ చెరువు పట్టుబడి డబ్బు, పెదనాన్న బంగారం తాకట్టు డబ్బు ఒకే మంగళవారం నాడు ఒకే ఖాతాలో వేయించి, బుధవారం స్టేట్‌మెంటు తీసుకుని, గురువారం ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేయడం. కాగితం తిరగేసే అధికారి ఆరు నెలల జమాఖర్చులు చూస్తాడన్న చిన్న చిక్కు తప్ప ఈ పద్ధతికి లోపం లేదు. నాలుగు వేలు దాటని ఖాతా ఒక మంగళవారం ఆరు లక్షలై ఎలా కూర్చుందని అడిగితే, “మా మావయ్యగారి రొయ్యలండి” అన్న జవాబుని ఇటాలియన్‌లోకి అనువదించడమే మొదటి భాషా పరీక్ష. పుస్తెలమ్మి పులస తినమన్న ప్రాంతం కాబట్టి బంగారం తాకట్టుకి కొత్తగా ధైర్యం చెప్పనక్కర్లేదు. సర్టిఫికెట్లకి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. భారత్‌లో ఇది 2005 నుంచి ఉంది, ఎంత తొందరగా మొదలెడితే అంత తక్కువ పరుగులు.

భాషా సన్నాహం సులువు. ఇటాలియన్ అక్షరాలు 21. యాభై ఆరు దిద్దినవాడికి అది ఒక పూట పని. మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. బస్‌ని బస్సు చేసి, రోడ్‌ని రోడ్డు చేసి పెట్టుకున్న నోటికి కొత్తేమీ కాదు. ఇంగ్లీషువాళ్ళు నానా తంటాలు పడే ద్విత్వాలు తెలుగువాడికి ఉగ్గుపాలతో వచ్చాయి. ‘కాసా’ ఇల్లు, ‘కాస్సా’ గల్లాపెట్టె. ఒత్తు తప్పితే ఇల్లు అద్దెకి అడగబోయి గల్లాపెట్టె అద్దెకి అడిగినట్టవుతుంది. ఉత్తర ఇటలీ నోట్లో ఆ ‘కాసా’ ఇంచుమించు ‘కాజా’ అని వినిపిస్తుంది. తాపేశ్వరం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇంటి పాఠం నడుస్తున్నంతసేపూ ఆకలిని అదుపులో పెట్టుకోవాలి.

చిక్కు వచ్చేది తెలిసిన మాటలతోనే. చుట్టరికాలన్నీ ఒక తరం అటూ ఇటూ జరిగి ఉంటాయి. ‘మామ్మా’ అంటే నాయనమ్మ కాదు, కన్నతల్లి. నాన్నలా వినిపించే ‘నోన్నా’ అమ్మమ్మో నాయనమ్మో. చివర ఊనికతో ‘పాపా’ అంటే చంటిపిల్ల కాదు, తండ్రి. మొదట ఊనికతో అంటే సాక్షాత్తూ పోపు. ‘పోయి’ అంటే ఆ తర్వాత; ఇది మాత్రం తెలుగు అర్థానికి అంత దూరం పోలేదు. ‘కాని’ అని వాక్యం మధ్యలో ఆగితే ఎదుటివాడికి కుక్కలు వినిపిస్తాయి, ‘మరి’ అంటే సముద్రాలు. అన్నిటికన్నా ప్రమాదం ‘ఆయ్’. గోదావరి జిల్లాల్లో వినయానికి ఆనవాలైన ఈ మాట ఇటలీలో దెబ్బ తగిలినవాడి కేక. ఇంటి యజమానురాలు గది నియమాలు ఒక్కొక్కటే చెబుతుంటే, ప్రతిదానికీ తలూపుతూ “ఆయ్… ఆయ్…” అనే కుర్రాడికి ఎక్కడ నొప్పో తెలియక ఆవిడ కంగారు పడుతుంది. వెళ్ళేముందు ఒక నెల పాటు ఇంట్లో ‘ఆయ్’ మానేసి ‘సీ’ అనడం సాధన చేయాలి. పెద్దల ముందు ‘సీ’ అనడం వల్ల వచ్చే తగాదాలకి ఈ దర్శిని బాధ్యత వహించదు.

ఇంత సులువైన భాషకి పాఠాలెందుకన్న అనుమానం సహజం. పెరూజాలో విదేశీయుల కోసమే 1921లో మొదలైన పాఠాలు విశ్వవిద్యాలయమై ఇప్పటికీ నడుస్తున్నాయంటే, ప్రపంచంలో తెలుగు రానివాళ్ళు చాలామంది ఉన్నారని అర్థం చేసుకోవాలి.

సామాను సర్దడం ఇంటిల్లిపాది పని. వీధి అరుగు మీద స్ప్రింగుకాటాకి సూట్‌కేసు వేలాడదీసి, ముల్లు ఇరవై మూడు దాటినప్పుడల్లా ఒక చొక్కా తీసి పచ్చడి సీసా పెట్టడం ఆనవాయితీ. ఆఖరికి బట్టలు మూడు జతలు మిగులుతాయి. ఇక్కడ ఐరోపా సమాఖ్య నిబంధనలు చదివితే, రాసినవాడిది కోనసీమేమోనన్న అనుమానం కలుగుతుంది. మాంసం, పాలు, వాటితో చేసిన సరుకు బయటి దేశాల నుంచి తేకూడదు. కాబట్టి నెయ్యి సీసా, కోడిపచ్చడి, గోంగూర మటన్ అరుగు మీదే దిగిపోతాయి. చేపలు, రొయ్యలు మాత్రం తలకి 20 కిలోల దాకా తేవచ్చు; ఒక్కటే చేప అయితే అంతకన్నా బరువున్నా ఫరవాలేదు. అంటే చట్టప్రకారం రొయ్యపచ్చడి ఒక సూట్‌కేసు నిండా పట్టుకుపోవచ్చు. 2019 డిసెంబరు నుంచి పండ్లూ ఆకులూ ఏవైనా ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. కరివేపాకు రెమ్మ, బంగినపల్లి మామిడి దొంగసరుకు. ఆ నిబంధన వర్తించని పండ్లు లోకం మొత్తం మీద ఐదే: అనాస, ఖర్జూరం, దూరియాన్, అరటి, కొబ్బరి. రావులపాలెం గెల, అంబాజీపేట కాయ. ఇంతటి గౌరవం ఏ రాజ్యం ఇచ్చింది? అయితే కాయ ఎండి కురిడీ అయితే కథ మారిపోతుంది. ఎండుకొబ్బరి అంటే నూనె సరుకు, నిప్పంటుకునే వాటి జాబితాలో చేర్చి విమానం వాళ్ళే ఎక్కించుకోరు. ఆత్రేయపురం పూతరేకులు తూకంలో అసలు కనిపించవు, మధురపూడి నుంచి మూడు విమానాలు మారేసరికి కంటికీ కనిపించవు.

గ్రైండరు, పెద్ద కుక్కరు, గీజరు ఒకేసారి నడపాలన్న సంకల్పం మానుకోవాలి. ఇటలీలో మామూలు ఇంటికి ఇచ్చే కరెంటు 3 కిలోవాట్లు. దాటితే ఇల్లంతా చీకటి. అప్పుడు రూమ్మేట్లు ఇటాలియన్‌లో ఏమంటారో శ్రద్ధగా వింటే, పాఠ్యపుస్తకంలో లేని పదజాలం పట్టుబడుతుంది.

ఇంటిమీద బెంగ పట్టుకుంటే వెర్చెల్లికి రైలు టిక్కెట్టు కొనాలి. ఇటలీ వరి పొలాలు అక్కడ ఉన్నాయి. మేలో నీళ్ళు పెట్టిన మడులు, గట్లు, కొంగలు, కాలవ. ఆ చుట్టుపక్కల పారే కావూర్ కాలవ తవ్వింది 1863-66లో. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది కాబట్టి రైల్లో పక్కవాడికి ఆ సంగతి చెప్పి, గెలిచిన సంతోషంతో తిరిగి రావచ్చు. ఉత్తర ఇటలీ కాలవల మీద 1852లో పుస్తకం అచ్చువేసిన ఇంజనీరు బేర్డ్ స్మిత్ తర్వాత కావేరి, కృష్ణా, గోదావరి పనుల మీద కూడా 1856లో నివేదిక ప్రచురించాడు. రెండు చోట్లా చూసి పోల్చుకున్న మనిషి కనీసం ఒకడు ఉన్నాడన్నమాట, పైగా ఆయన లెక్కలు దొరుకుతాయి. వెర్చెల్లి బియ్యంతో వండే రిసొత్తో మెతుకు మధ్యలో కొద్దిగా గట్టిగా ఉండాలని నియమం. డెల్టాలో అలాంటి అన్నాన్ని పలుకు మీద ఉందంటారు, వండినవాళ్ళ మొహం చిన్నబోతుంది. స్వర్ణ పుట్టిన మారుటేరు వైపు నుంచి వచ్చినవాళ్ళు “ఇంకో విజిలు రానివ్వండి” అని సలహా ఇవ్వకుండా నాలుక కరుచుకోవాలి.

దిగిన తర్వాత చేతికి వచ్చేది 16 అక్షరాంకెల పన్ను కోడు. సిమ్ముకీ గది అద్దె ఒప్పందానికీ అదే ఆధారం. అచ్చులకి పుట్టిల్లనిపించుకున్న దేశం ఈ కోడు కట్టేటప్పుడు పేర్లలో అచ్చులు తీసి పారేసి, హల్లులు ఏరుకుంటుంది. సూర్యనారాయణ అన్న నిండైన పేరు ఎస్, వై, ఎన్ అయి కూర్చుంటుంది. ఆడవాళ్ళకి పుట్టిన తేదీకి నలభై కలుపుతారు. ఆగస్టు 15న పుట్టిన అమ్మాయి అందులో 55న పుడుతుంది. పుట్టిన ఊరు రాజోలా, రాజమండ్రా, నరసాపురమా అన్న పట్టింపు లేదు. భారతదేశంలో పుట్టినవాళ్ళందరికీ జెడ్ 222.

తొంభై రోజులు మించి ఉండేవాళ్ళు, దిగిన ఎనిమిది పనిదినాల్లో నివాస పత్రానికి అర్జీ పెట్టాలి. దరఖాస్తు కవరు పోస్టాఫీసులో ఉచితంగా ఇస్తారు; నింపి తిరిగి ఇచ్చేటప్పుడు సెమిస్టరు విద్యార్థికి అన్నీ కలిపి 116 యూరోల చుట్టూ అవుతుంది, అంటే ఆరున్నర బస్తాలు. తర్వాత వేలిముద్రలకి పిలుపు వస్తుంది, ఆ తర్వాత కార్డు. కార్డుకి ముందు సెమిస్టరు అయిపోవడం అరుదేమీ కాదు. పోస్టాఫీసు రసీదు పారేసుకోకూడదు. అర్జీ మీద అంటించే ప్రభుత్వ బిళ్ళ మాత్రం పోస్టాఫీసులో అడగకూడదు. అది పొగాకు దుకాణంలో అమ్ముతారు, బయట పెద్ద ‘టీ’ అక్షరం ఉంటుంది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలిసిన రాజమండ్రి విద్యార్థికి ఆ వాసన కొత్త కాదు. బిళ్ళ ధర 16 యూరోలు, ప్రాచ్య ఇటాలియన్ మాట్లాడేవాళ్ళకైనా.