కొర్రకంకితో దరఖాస్తు

నా ఇంట్లో నేను పక్కకి తిరిగి నడుస్తున్నాను. హాల్లోంచి వంటింట్లోకి పోవాలంటే పంజరం ముందు నుంచే దారి. ఎదురుగా నడిచి వెళితే లోపలి పిట్ట వేటాడే జంతువేదో వస్తోందనుకుంటుందట. రెండు కళ్ళతో సూటిగా చూడకూడదట, ఒక్క కన్నే చూపించాలట. చెయ్యి తల పైనుంచి పోనివ్వకూడదట, గద్ద అనుకుంటుందట. ఈఎంఐ మాత్రం పక్కకి తిరక్కుండానే కడుతున్నాను.

పై అంతస్తు అమ్మాయి ఉద్యోగం మీద డాలస్ వెళ్తూ, "అంకుల్, మీరైతే బాగా చూసుకుంటారు" అని పంజరం, గింజల డబ్బా, జాగ్రత్తలు రాసిన కాగితాల కట్ట మా చేతిలో పెట్టింది. ఆ మాటకి పొంగిపోయింది మా ఆవిడ. కాగితాలు చదువుతున్నది నేను.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది చిలకేనా? పచ్చగా లేదేం?" కాకటీల్ అండీ, ఆస్ట్రేలియా జాతి, కాకతువాల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది, ఒళ్ళు బూడిదరంగే ఉంటుంది అని చెబుతాను. "రామ రామ అంటుందా?" అనదండీ, ఈల వేస్తుంది. ఆ మొహాలు చూడాలి. కల్తీ సరుకు అంటగట్టించుకున్నవాణ్ణి చూసినట్టు చూస్తారు. రామచిలకని పంజరంలో పెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమండీ అంటే, "మా తాతగారింట్లో ఉండేదే!" అంటారు. మీ తాతగారింట్లో చాలా ఉండేవి లెండి.

వంటింటి సంగతి చెప్పకూడదు. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే ఆ పూత నుంచి వచ్చే పొగ మనకి తెలియను కూడా తెలియదు, పక్షి ప్రాణం మాత్రం నిమిషాల్లో పోతుంది. పెనం అటకెక్కింది, అటక మీది ఇనప్పెనం కిందికి దిగింది. అప్పట్నుంచి మా ఇంట్లో దోసె గుండ్రంగా వచ్చిన పాపాన పోలేదు. అగరొత్తులు బంద్, సాంబ్రాణి బంద్, దోమల కాయిల్ బంద్. పొద్దుగూకగానే చీకటి కావాలి, పది పన్నెండు గంటలు నిద్ర కావాలి కనుక సీరియల్ కూడా బంద్. దేవుడూ దోమలూ ఊరుకున్నా, సీరియల్ దగ్గర మా ఆవిడ ఊరుకోలేదు. ఫోన్‌లో చూస్తోంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నేను పిలిస్తే పలకదు. ఈ ఇంట్లో నా మాట వినని ప్రాణులు రెండయ్యాయి.

గుంటూరువాణ్ణి, ఒక్క విషయంలో మాత్రం లోకువైపోయాను. పక్షులకి మిరప కారం తెలియదు. మన నాలుకని మండించే పదార్థం వాటికి మంటే పుట్టించదు. గింజల్ని దూరదూరాలు మోసుకుపోయేందుకు మిరపమొక్క పక్షులతో కుదుర్చుకున్న ఒప్పందమట అది. పండుమిరపకాయ ముక్క ఇస్తే నా వంక ఒక కన్నేసి, గింజ గింజా నింపాదిగా తింది. పైగా అదే మిరపకాయ పోపులో మాడితే ఆ పొగ దాని ఊపిరితిత్తులకి పడదు! తినొచ్చు, మనం వండుకోకూడదు.

ఇక నమ్మకం. కొర్రకంకి ఊచల్లోంచి అందించి, కదలకుండా నిలబడాలి. మొదట కంకి ఆ చివర పొడుస్తుంది. రోజులు గడిచేకొద్దీ మనం కంకిని పొట్టిగా పట్టుకుంటూ పోవాలి. పక్కన కూర్చుని పేపరు పైకి చదవాలి, గొంతు అలవాటవుతుందని. నెత్తి మీది జుట్టే దాని మనసు. నిటారుగా లేస్తే హడలు, తలకి అంటుకుపోతే కోపమో భయమో, సగం వాలితే నిమ్మళం. అసెంబ్లీ వార్తలు చదివినా, వాతావరణం చదివినా, నేను చదివినంతసేపూ అది నిటారుగానే ఉంది.

ఇలా ఉండగా మా బావమరిది వచ్చాడు. సోఫాలో కూలబడ్డాడు, ఫోన్‌లో తల దూర్చాడు. గాలి పీల్చుకుంటుందని పంజరం తలుపు తీసి ఉంచామా, ఆ మహాతల్లి దిగి, నేల మీద నడుచుకుంటూ వెళ్ళి, వాడి ప్యాంటు పట్టుకుని ఎక్కి, భుజం మీద కూర్చుని, తల వంచింది. మెడ గోకమని! వాడు తలెత్తకుండానే గోకాడు. "బావా, భలే మచ్చికైందే!" అన్నాడు. కారణం నాకూ తెలుసు, వాడు దాని వంక చూడలేదు కాబట్టి వచ్చింది. తెలిస్తే మాత్రం మంట తగ్గుతుందా?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టక మాయల ఫకీరు గుర్తొచ్చాడు. తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో దాచుకున్నాడు కదా. చిన్నప్పుడు బాలనాగమ్మ కథ విన్నప్పుడు ఎంత తెలివిగలవాడో అనుకున్నాను. ఇప్పుడు పక్షిని పెంచుతున్నవాడిగా అడుగుతున్నాను, దాని నీళ్ళగిన్నె ఎవరు కడిగేవారు? గింజలు బూజు పట్టకుండా ఎవరు చూసేవారు? కుక్కర్ కూతకే మా పిట్ట కొయ్య మీంచి జారి పడుతుంది. రాత్రిపూట ఏదైనా నీడ కదిలితే పంజరమంతా కొట్టుకుంటుంది. మరి సముద్రపు ఒడ్డున ఉరుము ఉరిమితే ఇక్కడ ఫకీరు గుండె ఎన్నిసార్లు జారిందో? ఈకలు రాల్చే రోజుల్లో చిలకకి ఒళ్ళంతా చిరాకు, ఆ రోజుల్లో ఫకీరు కూడా కారణం లేకుండా జనాన్ని రాళ్ళు చేసి ఉంటాడు. ప్రాణం దాచేవాడు తాబేల్లో దాచుకోవచ్చుగా! అన్నిటికన్నా పెద్ద అనుమానం ఇంకోటి. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు కుర్రాడు, ఆ చిలకకి ముక్కూమొహం తెలియనివాడు. వాడి చేతికి అంత తేలిగ్గా ఎలా చిక్కింది? ఇంకెలా చిక్కుతుంది! ఫకీరు కోటలో కూర్చుని బాలనాగమ్మని బతిమాలుకుంటూ కాలం గడిపాడు. ఒక్కనాడైనా వెళ్ళి కొర్రకంకి అందించాడా? పక్కన కూర్చుని నాలుగు మాటలు చదివాడా? కుర్రాడు వచ్చి చెయ్యి చాపాడు, అది ఎక్కేసింది. మళ్ళీ ఆలోచిస్తే, ఫకీరు రోజూ వెళ్ళి సేవ చేసినా ఫలితం అదే అయ్యుండేది. వాడికీ ఒక బావమరిది ఉండే ఉంటాడు.

నవ్వుకున్నాను కానీ, సాయంత్రాలు నవ్వు రాదు. ఆ అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చే వేళకి ఇది అరుపు మొదలెడుతుంది. గుంపులో బతికే పక్షులు, కనపడని తోటిదాన్ని 'ఎక్కడున్నావ్' అని పిలవడం వాటి అలవాటు. జవాబు వచ్చేదాకా పిలుస్తాయి. ఒకసారి వీడియో కాల్‌లో ఆ పిల్ల గొంతు వినిపించగానే ఊచల వెంట ఆ చివరికీ ఈ చివరికీ పరిగెత్తి, ఫోన్ వెనక్కి తొంగిచూసింది. వెనకాల ఉన్నది నా చెయ్యే. "కొన్నాళ్ళు చెయ్యకులే అమ్మా" అని మా ఆవిడే ఆ పిల్లకి చెప్పింది. ఫకీరు ప్రాణం చిలకలో ఉంటే, ఈ చిలక ప్రాణం ఏడు సముద్రాల అవతల డాలస్‌లో ఉంది. దాని రెక్క ఈకలు ఎప్పుడో కత్తిరించారు, తలుపు గొళ్ళెం మా వైపు ఉంది, దాని మనిషిని విమానం ఎక్కించాం. ఆ తర్వాత నమ్మకం కావాలని కంకి పట్టుకుని నిలబడ్డాం. అది నన్ను నమ్మకపోవడం మొండితనమని ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. అది దాని తెలివి.

ఈమధ్య రాలిన ఈకల చోట కొత్త రెక్కఈకలు దిగుతున్నాయి. మొన్న కొయ్య మీంచి కర్టెన్ దాకా ఎగిరింది. గింజలు కొనే షాపతను చూసి, "తీసుకురండి సార్, మళ్ళీ కత్తిరించేద్దాం, సీలింగ్ ఫ్యాన్‌కి తగిలితే కష్టం" అన్నాడు. వద్దులే, అది బయటున్నంతసేపూ ఫ్యాన్ ఆపుకుంటాం అన్నాను.

"ఈ ఎండల్లోనా?" అంది మా ఆవిడ, ఇనప్పెనం మీద దోసె గీకుతూ.