ఇనుప మడ్డి చెప్పుకున్న కథ

మురుగునీటిని శుద్ధి చేసే తొట్ల అడుగున పేరుకునే ఇనుప మడ్డిని నేను. లోపల ఉన్నంతసేపు నల్లగా ఉంటాను, గాలి తగిలితే తుప్పురంగుకు తిరుగుతాను. ఇంతకుముందు నా పేరు అన్నభేది. ఉక్కు కార్ఖానాలో రేకుల తుప్పు కడిగిన గంధకామ్లంలో ఇనుము కరిగి, లేతాకుపచ్చ స్ఫటికాలుగా గడ్డకట్టింది. ఒకరు వద్దనుకున్న నీళ్లలోనే నా పుట్టుక.

ఊరి మురుగులో నన్ను కలిపితే కుళ్లు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడును పట్టేస్తాను. మలమూత్రాల్లోంచి, సబ్బుల్లోంచి వచ్చిన భాస్వరాన్ని నాతో అడుక్కి దింపుతాను. ఆ భాస్వరం కర్నూలు దగ్గర హంద్రీలోకో తుంగభద్రలోకో పోతే నాచు పెరిగి చేపలకు ఊపిరాడదు. గాలి చొరని తొట్టిలో మేమిద్దరం కలిసి వివియనైట్ అనే ఖనిజమవుతాం. దానికి అయస్కాంతానికి కాస్త లొంగే గుణముంది. నెదర్లాండ్స్‌లోని న్యూవేర్ శుద్ధి కేంద్రంలో ఆ గుణంతోనే మడ్డిలోంచి దాన్ని ఏరి చూశారు.

ఇంత పని చేసిన నన్ను చాలాచోట్ల గుట్ట పోసి వదిలేస్తారు. నా అవసరం ఉన్న నేల మాత్రం దగ్గర్లోనే ఉంది. పులివెందుల వైపు సుద్ద నేలల్లో చీనీ (బత్తాయి) చెట్ల లేతాకులు పసుపుబారతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని వేళ్లకు అందనివ్వక. రైతు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లుతాడు. పాత ఆకుకు పట్టిన ఇనుము కొత్త చిగురుకు చేరదు కనుక మళ్లీ చల్లక తప్పదు. స్పెయిన్‌లో కొర్డోబా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి సుద్ద నేలల్లోనే ఆలివ్ చెట్ల వేళ్ల దగ్గరికి వివియనైట్‌ను ఎక్కించారు. దాని గుణం కొన్నేళ్లు నిలిచింది. భాస్వరపు రాయిని మొరాకో, జోర్డాన్‌ల నుంచి తెచ్చుకునే మన దేశంలో, నాలో దాగిన భాస్వరం కూడా విలువైనదే. కడప చీనీ తోటల్లో నన్నొకసారి పరీక్షించి చూడండని అడుగుతున్నాను.

అయితే నాకు ఇంకో జన్మ ఉంది. అద్దకపు నీళ్లలో అన్నభేదిని, సున్నాన్ని కలిపితే రంగు నాతోపాటు అడుక్కి దిగుతుంది. ఆ నీళ్లలో క్రోమియం, సీసం ఉంటే అవీ నాలో చేరతాయి. అలా పుట్టిన నన్ను పొలంలో వేస్తే విషం పెట్టినట్టే. అప్పుడు నా దారి ఎర్రగుంట్ల వైపు, సిమెంటు బట్టీలకు. సిమెంటుకు సున్నపురాయితో పాటు ఇనుమూ కావాలి. దాదాపు 1450 డిగ్రీల వేడిలో రాయి క్లింకరుగా మారడానికి అది తోడ్పడుతుంది, సిమెంటుకు బూడిదరంగూ ఇస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు కూడా గుంతలో పూడ్చడం కన్నా ఇలాంటి వినియోగానికే ముందు చోటిచ్చాయి.

కాబట్టి ఊరి మురుగులో కార్ఖానా నీళ్లు కలవనీయకండి. ఒక్క గొట్టం కలిసినా నా రాశంతా పొలానికి పనికిరాకుండా పోతుంది. రోగకారక క్రిములు చచ్చేదాకా మగ్గనివ్వండి, సీసం, కాడ్మియం, క్రోమియం ఎంతున్నాయో చూడండి. ఆ పరీక్షలో నెగ్గితే నన్ను చీనీ తోటకు పంపండి. నెగ్గకపోతే బట్టీకి పంపండి. గుట్టలో మాత్రం వదిలేయకండి.