శంకుస్థాపనకు ఒక లెక్క, అమ్మకానికి ఇంకో లెక్క

విశాఖ పాతనగరంలో తెల్లచొక్కా ఉతికి డాబా మీద ఆరేసిన ఇల్లాలికి లాభనష్టాల విశ్లేషణ ఎవరూ నేర్పనక్కర్లేదు. సాయంత్రం కాలరు మీద వేలు రాస్తే చాలు, పోర్టు బొగ్గు నల్లగా అంటుకుంటుంది. రెండో ఉతుకు, సబ్బు, పిల్లాడి దగ్గు ఏ సరుకు రవాణా లెక్కలోనూ కనబడవు. అర్థశాస్త్రంలో వీటి పేరు 'బాహ్య వ్యయాలు'. అంటే గేటు బయటివాళ్ళు కట్టే బిల్లు.

ఈ లాభనష్టాల విశ్లేషణ పద్ధతిని తిట్టి లాభం లేదు. 1972లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం దాస్‌గుప్తా, మార్గ్లిన్, అమర్త్య సేన్ రాసిన మార్గదర్శకాలు ప్రాజెక్టును యజమాని గల్లాపెట్టెతో కాక సమాజం మేలుతో తూచమన్నాయి. మన ఏలికలు అందులో సగమే చదివారు. ఏ సగమన్నది అవసరాన్ని బట్టి మారుతుంది.

కట్టేటప్పుడు లాభం పొంగుతుంది. సాగునీటి ప్రాజెక్టులకు మామూలుగా అడిగే లాభ-వ్యయ నిష్పత్తి 1.5. కాళేశ్వరానికి సరిగ్గా 1.51 వచ్చింది! పాసు మార్కు మీద ఒక్క మార్కు తెచ్చుకున్న కుర్రాణ్ణి చూస్తే మేష్టారికైనా అనుమానం రాదూ? కాగ్ మళ్ళీ లెక్క వేస్తే 0.75 తేలింది. పెరిగే ఖర్చు కూడా కలిపితే 0.52. రూపాయికి యాభై రెండు పైసలన్నమాట.

అమ్మేటప్పుడు అదే సమాజం మాయమవుతుంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే, అరవైకి పైగా ఊళ్ళు భూములిస్తే నిలబడిన విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 2021 జనవరి 27న నూటికి నూరు శాతం వదిలించుకోవాలని కేంద్రం నిర్ణయించింది. నష్టాలట! సొంత ఇనుప గని ఇవ్వకుండా ఖనిజాన్ని కొనిపించి, ఆపైన ఖర్చెక్కువైందని నిలదీయడం, వంటవాడికి బియ్యం ఇవ్వకుండా అన్నం ఏదని అడగడమే. గాజువాక దుకాణాల బేరాలు, కాంట్రాక్టు కూలీల ఇళ్ళ పొయ్యిలు బ్యాలెన్స్ షీటులో ఏ గడిలోనూ లేవు. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. నాలుగేళ్ళ ముందు వదిలించుకోవలసిన బరువుకి అప్పుడు ఇంత విలువ ఏ సూత్రంతో వచ్చిందో?

ఆ కర్మాగారానికి భూములిచ్చినవాళ్ళ అగనంపూడి నిర్వాసితుల కాలనీలో ఆర్-కార్డులు ఇంకా ప్లాస్టిక్ కవర్లలో, బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. భూమికి బదులు ఉద్యోగమన్న ఆశ కాగితాలవి. ఉద్యోగం రాకుండానే వయోపరిమితి దాటిపోయినవాళ్ళు పింఛను కోసం ఆధార్ వెతికేటప్పుడు, ముందు చేతికి తగిలేది ఆ కవరే.