నాలుక చుట్టే చదువులు

ఏమర్రా, జన్యుశాస్త్రమంటే మీకు ఆ మెలిపెట్టిన నిచ్చెన బొమ్మేనా? చార్టు మీద దాన్ని అతికించడం, నాలుక బయటపెట్టి గొట్టంలా చుట్టడం, చుట్టలేనివాణ్ణి చూసి పకపకా నవ్వడం, అయిపోయింది ప్రాజెక్టు. అసలా నాలుక ముచ్చటే తప్పురా నాయనా! అది వంశపారంపర్యమని 1940లో చెప్పిన స్టర్టెవాంట్ దొరే, అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకడు చుట్టగలిగి ఇంకొకడు చుట్టలేకపోవడం బయటపడ్డాక, ఆ ఉదాహరణ పనికిరాదని ఒప్పేసుకున్నాడు. మీ గైడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

మా రోజుల్లో ఈ చదువు పొలంలోనే ఉండేది. వరి ఈనే వేళకు మా నాయన గట్టు మీద తిరుగుతూ బెరుకులు పీకించేవాడు. చేనుకు మించి తలెత్తిందా, అందరికన్నా ముందే ఈనిందా, వేళ్ళతో సహా బయటికి. మిగిలిన చేలో మంచి వెన్నులు ఏరి, ఎండబెట్టి, వేపాకు కలిపి దాస్తే మరుసటేడు అవే విత్తనాలు. వరి చాలా వరకు తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది గనక గుణం చెదిరేది కాదు. ఆయనకు జన్యువన్న మాట తెలీదు, మీకు ఆ మాట తప్ప ఇంకేమీ తెలీదు.

ఇప్పుడన్నీ హైబ్రిడ్ ప్యాకెట్లాయె. మొదటి పంట చూడముచ్చటగా ఉంటుంది. ఆ గింజలే దాచి చల్లారా, పొడుగూ పొట్టీ, ముందూ వెనకా, తలో దారి. కంపెనీవాడి మాయని తిట్టుకుంటారు గానీ ఈ సంగతి మఠంలో బఠాణీలు పెంచుకున్న మెండెల్ 1865లోనే చెప్పాడు. గుండ్రటి గింజల రకాన్నీ ముడతల రకాన్నీ కలిపితే మొదటి తరం అంతా గుండ్రమే. రెండో తరంలో దాక్కున్న ముడతలు బయటికొస్తాయి. ఆయన లెక్కకు 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. అన్నీ చూసి లెక్కపెట్టాడు మహానుభావుడు. మీరు పాలవాడి లెక్కకీ ఫోను తీస్తారు.

మామిడి సంగతి మరీ తమాషా. బంగినపల్లి తిని టెంక పాతితే బంగినపల్లి రాదు. ఆ మొక్కకు తండ్రెవరో పుప్పొడి మోసిన ఈగకే తెలియాలి. అందుకే అంటు కట్టేది, కొమ్మ ఏ చెట్టుదో కాయ గుణమూ ఆ చెట్టుదే. మా పెరట్లో టెంక మొలిచిన పీచు మామిడి ఒకటుండేది. ఆ రుచి ఇప్పటి ఏ అంటుకూ రాదు! ఆవకాయకైనా పనికిరాలేదని మా ఆవిడ అంటుందనుకోండి, అది వేరే సంగతి.

ఒక్క మేనరికాల దగ్గర మాత్రం నా నోరు కాస్త తగ్గుతుంది. మేనమామ కూతుర్ని చేసుకుంటే ఆస్తి గడప దాటదని పెద్దల లెక్క. ఆస్తితో పాటు దాగిన దోషమూ గడప దాటదు. బావామరదళ్ళకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి గనక, ఇద్దరిలోనూ చాటుగా ఉన్న ఒకే లోపం బిడ్డలో జతపడే ప్రమాదం ఎక్కువ. ఈ ఒక్కదాంట్లో మీరే నయం, పొండి.

మిగతావాటిలో కాదు. ఆ చార్టు పక్కన పడేసి, బజారు టమాటా ఒకటి పిసికి కుండీలో చల్లండి. కాయలు తలో తీరుగా వస్తే నా దగ్గరికి రండి, చెబుతాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం రాకండి, కునుకు తీస్తుంటాను.